తరాలు దాటిన బరిలో పైచేయి ఎవరిది?

బాక్సింగ్‌లో హెవీవెయిట్ అంటే బరువుకు పై హద్దు లేని తరగతి కాబట్టి, అందులో గెలిచినవాడే లోకంలోకెల్లా బలవంతుడన్న భావన తొలినుంచీ పాతుకుపోయింది. జో లూయీ, రాకీ మార్సియానో, మహమ్మద్ అలీ, మైక్ టైసన్ మంచి ఊపుమీదున్న రోజుల్లో ఒకరితో ఒకరు తలపడి ఉంటే ఎవరు నిలిచేవారన్న వాదన అందుకే ఎన్నటికీ తెగదు. 1969లో అమెరికాలో బాక్సర్ల వివరాలను కంప్యూటర్‌కు అందించి, అలీ, మార్సియానోలతో ఉత్తుత్తి పోరు చిత్రీకరించి, మరుసటి ఏడాది థియేటర్లలో ప్రదర్శించగా, పదమూడో రౌండులో మార్సియానో నాకౌట్‌తో, అంటే ప్రత్యర్థి లేవలేని స్థితిలో, గెలిచినట్టు చూపారు. అయితే నేటి వృత్తి బాక్సింగ్‌లో హెవీవెయిట్ తరగతి 90.7 కిలోలకు పైన మొదలవుతుండగా మార్సియానో తూగింది సుమారు 85 కిలోలే కాబట్టి, ఈ రోజుల్లో ఆయన ఆ తరగతిలోకే రాడు.

ఊహతో పనిలేకుండా రెండు తరాలు నిజంగానే ఎదురెదురుగా నిలిచిన సందర్భం తెలుగువారికి దగ్గరలోనే ఉంది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో, ఒలింపిక్ అర్హత పోటీలకు భారత జట్టు ఎంపిక కోసం 51 కిలోల విభాగంలో జరిగిన పోరులో, అప్పటికే ఆరుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన మణిపూర్ బాక్సర్ మేరీ కోమ్ 9-1 తేడాతో నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌ను ఓడించింది. నిఖత్ వయసు అప్పుడు 23 ఏళ్లు, మేరీ ఆమెకన్నా పదమూడేళ్లకు పైగా పెద్ద.

వయసు మీదపడిన విజేత ఇలా నెగ్గడం అరుదు. 1951 అక్టోబరులో 37 ఏళ్ల జో లూయీని మార్సియానో ఎనిమిదో రౌండులో పడగొట్టాడు; 1980లో 38 ఏళ్ల అలీ, లారీ హోమ్స్ ముందు నిలవలేకపోయాడు. మేరీ గెలుపు అందుకే గొప్పది. అయినా దానితో వాదన ముగియదు, ఎందుకంటే ఆనాడు బరిలో ఉన్నది 2022లో ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సర్‌ను 5-0తో ఓడించి 52 కిలోల ప్రపంచ స్వర్ణం అందుకున్న నిఖత్ కాదు, మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కిలోల స్వర్ణాన్నీ గెలిచిన నిఖత్ కాదు. మేరీకి కూడా 51 కిలోలు సహజమైన బరువు కాదు: ఆమె ప్రపంచ స్వర్ణాలన్నీ 45 నుంచి 48 కిలోల మధ్య విభాగాల్లో వచ్చినవే.

నిబంధనల తేడా ఇంకా లోతైనది. మేరీ తొలి స్వర్ణాలు గెలిచిన కాలంలో అయిదుగురు న్యాయనిర్ణేతలు మీటలు నొక్కేవారు; వారిలో ముగ్గురు దాదాపు ఒకే సెకనులో నొక్కితేనే ఆ దెబ్బకు పాయింటు దక్కేది కాబట్టి, దగ్గరగా చేరి వరుసగా గుప్పించే దెబ్బల్లో చాలా భాగం లెక్కకు రాక, దూరం నుంచి వేగంగా వచ్చి, శుభ్రంగా ఒకటి తగిలించి తప్పుకునేవారికే లాభం కలిగేది. 2013 నుంచి రౌండు గెలిచినవారికి పది, ఓడినవారికి సాధారణంగా తొమ్మిది పాయింట్లిచ్చే పద్ధతి రాగా, ఆధిపత్యానికీ దూకుడుకూ విలువ పెరిగింది. లండన్ ఒలింపిక్స్ నాటికి రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లుగా ఉన్న మహిళల పోటీ, నిఖత్ ప్రపంచ విజేత అయ్యేనాటికి మూడేసి నిమిషాల మూడు రౌండ్లయింది. ఒక్కో రౌండులో అదనంగా చేరిన ఆ నిమిషమే ఊపిరికి అసలైన పరీక్ష.

అశ్వారావుపేటలో సచిన్‌నూ కోహ్లీనీ పోల్చి వాదించుకునే యువకులైనా సరే, ముందు ఏ ఏటి ఆటగాడు, ఏ నిబంధనల కింద అని తేల్చుకుంటేనే మాటకు అర్థముంటుంది. ఆ షరతులు పెట్టుకుని చూస్తే, 48 కిలోల విభాగంలో పాత మీటల లెక్కతో జరిగే పోరులో మేరీదే గెలుపని, 51 కిలోల దగ్గర మూడేసి నిమిషాల రౌండ్లలో ఇస్తాంబుల్ నాటి నిఖత్‌దే పైచేయని చెప్పవచ్చు; సమకాలికులపై సాధించిన ఆధిక్యమే కొలమానమైతే మాత్రం, 2002 నుంచి 2018 దాకా పదహారేళ్లపాటు పరచుకున్న ఆరు స్వర్ణాల ముందు రెండు స్వర్ణాలు ఇంకా చిన్నవే.