పర్సెప్ట్రాన్: తప్పు చేసి నేర్చుకున్న యంత్రం

కంప్యూటర్‌ను మెదడుతో పోల్చడం కంప్యూటర్ పుట్టిన నాటి నుంచీ ఉన్న అలవాటే అయినా, ఆ పోలికను మాటలతో సరిపెట్టకుండా తీగలతో, మోటార్లతో కట్టి చూపిన యంత్రాల్లో పేరెన్నికగన్నది పర్సెప్ట్రాన్. దాని రూపకర్త ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ మనస్తత్వ శాస్త్రవేత్త. అమెరికాలోని బఫలో నగరంలో, కార్నెల్ ఏరోనాటికల్ లేబొరేటరీలో పనిచేస్తూ 1958లో ప్రచురించిన పత్రంలో ఆయన ప్రధానంగా పట్టించుకున్నది మెదడు ఎంత వేగంగా లెక్క కడుతుందన్నది కాదు, చూసినదాన్ని ఏ రూపంలో దాచుకుంటుందన్నది.

మామూలు కంప్యూటర్‌లో జ్ఞాపకం ఒకచోట, లెక్క మరొకచోట ఉంటాయి గనుక, మెమరీలోని అంకె ప్రాసెసర్ దాకా ప్రయాణించి, లెక్క తేలాక మళ్లీ వెనక్కి రావాలి. మెదడులో ఈ రాకపోకలు లేవు. అందులోని సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు, సినాప్స్‌లనే సూక్ష్మమైన సంధుల ద్వారా సంకేతాలు అందించుకుంటాయి. అనుభవాన్ని బట్టి కొన్ని సంధులు బలపడతాయి, కొన్ని సడలుతాయి. ఆ బలాబలాలే జ్ఞాపకం, వచ్చిన సంకేతాన్ని మలిచేవీ అవే. న్యూరాన్ మహా అయితే సెకనుకు కొన్ని వందల సార్లు స్పందిస్తుంది కాబట్టి, సెకనుకు వందల కోట్ల స్పందనలతో నడిచే చిప్ పక్కన అది నత్తే. అయినా కోట్లాది కణాలు ఒక్కసారిగా పనిచేయడం వల్ల, సంతలో వందమంది నడుమ తెలిసిన ముఖాన్ని చిటికెలో పట్టేస్తుంది. ఇంత పనికీ మెదడుకు సుమారు 20 వాట్లు చాలు. పాతరకం సీలింగ్ ఫ్యానుకు అంతకు మూడింతలకు పైగా కావాలి.

రోజెన్‌బ్లాట్ బృందం నిర్మించి 1960లో ప్రదర్శించిన మార్క్ 1 పర్సెప్ట్రాన్‌కు కన్నుగా 20 వరుసల్లో 20 చొప్పున 400 కాంతి గ్రాహకాలు ఉండేవి. వాటి నుంచి బయల్దేరిన తీగలు చాలావరకు అడ్డదిడ్డంగా 512 సంధాన ఘటకాలకు, అక్కడి నుంచి జవాబు చెప్పే 8 ఘటకాలకు చేరేవి. సంధి బలాన్ని నిర్ణయించేది పొటెన్షియోమీటర్, అంటే పాత రేడియోలో శబ్దం పెంచే నాబ్ వంటిది. చూపిన అక్షరానికి జవాబు సరిగా వస్తే నాబ్‌లు కదలవు. తప్పితే చిన్న మోటార్లు గిర్రుమంటూ వాటిని కాస్త అటో ఇటో తిప్పుతాయి. నేర్చుకున్నదంతా ఆ నాబ్‌లు ఆగిన తీరులోనే ఉంటుంది.

విచిత్రమేమంటే, ఈ యంత్రం తొలి రూపం మామూలు కంప్యూటర్‌లో ప్రోగ్రాముగానే పుట్టింది. 1958 జులైలో అమెరికా నౌకాదళం ఏర్పాటు చేసిన ప్రదర్శనలో, ఐబీఎం 704 కంప్యూటర్ 50 ప్రయత్నాల తర్వాత, గుర్తు కుడివైపున్న కార్డులను ఎడమవైపున్న వాటి నుంచి వేరు చేయగలిగింది. ఇంతమాత్రానికే, నడిచి, మాట్లాడి, తన ఉనికిని తాను ఎరిగే యంత్రం రాబోతోందని న్యూయార్క్ టైమ్స్ రాసింది.

1969లో మార్విన్ మిన్‌స్కీ, సీమోర్ పాపర్ట్ ఒక పుస్తకంలో ఈ యంత్రాల పరిమితులను గణితంతో నిరూపించారు. మేడమెట్లకు కింద ఒకటి, పైన ఒకటి స్విచ్‌లున్న దీపాన్ని తీసుకుంటే విషయం తేలికగా బోధపడుతుంది. ఏ ఒక్క స్విచ్ వేసినా దీపం వెలగాలి, రెండూ వేస్తే ఆరాలి. పర్సెప్ట్రాన్ చేసేది వచ్చిన సంకేతాలను కూడి, మొత్తం ఒక హద్దు దాటిందా లేదా అని చూడడమే గనుక, ఒక్కొక్కటి విడిగా దాటించగల హద్దును రెండూ కలిసి దాటకుండా ఉండడం అసాధ్యం. మధ్యలో మరో పొర న్యూరాన్లు వేసి, వాటి బలాలను కూడా దిద్దితే చిక్కు వీడుతుంది కానీ, అలా దిద్దే దారి అప్పటికి స్పష్టం కాలేదు. 1971లో, సరిగ్గా 43వ పుట్టినరోజున, రోజెన్‌బ్లాట్ పడవ ప్రమాదంలో మరణించాడు. చివరి పొరలోని తప్పును వెనక్కి పంచుతూ లోపలి పొరలనూ సవరించే పద్ధతిని 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ ప్రచారంలోకి తెచ్చారు. నేటి కృత్రిమ మేధ ఆ వంశానిదే. అయితే దాని సంధి బలాలు నాబ్‌లలో కాక మెమరీలో అంకెలుగా ఉండి, లెక్క జరిగే చోటికి నిరంతరం రాకపోకలు సాగిస్తాయి. విద్యుత్తులో పెద్ద వాటా ఆ ప్రయాణానికే ఖర్చవుతుంది.

ఆ దూరాన్ని తగ్గించడానికి ఐబీఎం 2014లో వెలువరించిన ట్రూనార్త్ చిప్, 10 లక్షల కృత్రిమ న్యూరాన్ల పక్కనే వాటి జ్ఞాపకాన్నీ ఉంచి సుమారు 70 మిల్లీవాట్లతో నడిచింది. కాకపోతే అది స్వయంగా నేర్వలేదు; సంధి బలాలను వేరే కంప్యూటర్‌లో ముందే తేల్చి దానిలో నింపవలసి వచ్చేది. మార్క్ 1లో ఆ పని మోటార్లు చేసేవి.