తుపాకి – హక్కా? అనుమతా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మేము మొదట ‘కాలం విలువ’ మీద రాద్దామనుకున్నాము. పాత సంచికలు తిరగేస్తే అదే పేరుతో మూడు వ్యాసాలు కనిపించాయి. నాలుగోది కూడా రాస్తే మెస్సులో నీళ్ళ చారు మళ్ళీ వడ్డించినట్లుంటుందని మానుకున్నాము.

అంతలో ఒక సంగతి గుర్తుకు వచ్చింది. పోయిన ఏడాది మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు రాత్రి భోజనాలయ్యాక టీవీ గదిలో అమెరికాలో ఎక్కడో బడిలో జరిగిన కాల్పుల వార్త వస్తోంది. ఇంటర్ చదివే తమ్ముడొకడు “అన్నా, ఆ దేశంలో తుపాకి పెట్టుకునుడు హక్కంట గదా! మనకెందుకు లేదు? మనకు గూడ ఉంటే మన మీదికి చెయ్యెత్తుతరా?” అని అడిగాడు. పక్కనున్నవాడు వెంటనే “అంగట్ల తుపాకులు అమ్మితే ముందు ఎవడు కొంటడురా? మీ తాతనా, దొర మనుమడా?” అన్నాడు. అందరూ నవ్వారు. పొలిటికల్ సైన్స్‌లో పీజీ చదువుతున్నామన్న పేరే గాని ఆ రాత్రి మా దగ్గర సరైన జవాబు లేదు. ఆ తరువాత లైబ్రరీలో చదివింది, ఇంట్లో విన్నది కలిపి ఇప్పుడు చెబుతున్నాము.

ముందు అమెరికా సంగతి క్లుప్తంగా. అక్కడ 1791లో చేసిన రెండవ రాజ్యాంగ సవరణ ఆయుధాలు కలిగి ఉండడాన్ని హక్కుగా గుర్తించింది. అది వ్యక్తికి ఉన్న హక్కేనని అక్కడి సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. 2017 నాటి ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ఆ దేశంలో ప్రతి 100 మందికి 120 తుపాకులున్నాయి, అంటే మనుషుల కన్నా తుపాకులే ఎక్కువ. అదే 2017 ఫిబ్రవరిలో కన్సాస్ రాష్ట్రం ఓలేత్ పట్టణంలో ఒక తెలుగు ఇంజనీరును, మా దేశం నుండి పొమ్మంటూ ఒకడు కాల్చి చంపాడు. మన హాస్టల్ నుండి కూడా ఎమ్మెస్ చదవడానికి వెళ్ళాలనుకుంటున్న వాళ్ళున్నారు కాబట్టి ఈ మాట చెబుతున్నాము. మన దేశంలో అదే అంచనా ప్రకారం 100 మందికి 5 పైచిలుకు. మొత్తం 7 కోట్ల 11 లక్షల తుపాకులు ఉండవచ్చునని, అందులో రిజిస్టరైనవి 97 లక్షలేనని ఆ లెక్క. అంటే మన దగ్గర లైసెన్సు ఉన్నదాని కన్నా లేనిదే ఎక్కువన్నమాట.

ఇక మన జిల్లాలకు వద్దాం. ఈ వాదన నల్లగొండకు కొత్తది కాదు.

మా ముత్తాత గడిలో వెట్టి చేసినవాడు. గోడకు తగిలించిన దొర తుపాకి దుమ్ము దులపడం ఆయన పనుల్లో ఒకటి అని మా నాయనమ్మ చెబుతుంది. ఎన్నో ఏండ్లు తుడిచాడట గాని, గుండు ఎటు నుండి పెడతారో ఆయనకు తెలియదు. తుపాకి వాళ్ళది, దుమ్ము మనది. పాత నల్లగొండలో ఏ ఊరికి వెళ్ళి ముసలివాళ్ళను కదిలించినా ఇటువంటి మాటే వినిపిస్తుంది.

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో (అప్పుడది నల్లగొండ జిల్లానే) ఊరేగింపుగా వెళ్తున్న సంగం జనం మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆనాడు జనం చేతుల్లో ఉన్నవి కట్టెలు, వడిసెలలు. ఆడవాళ్ళ దగ్గర కారంపొడి. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చాక గాని తుపాకులు ఊరి మనుషుల చేతికి రాలేదు. అవి కూడా చాలావరకు గడీల నుండి, పోలీసుల నుండి గుంజుకున్నవే. పాలమూరు వైపు చూస్తే, అదే ఏడాది అక్టోబర్ 7న ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలో నిజాం పోలీసుల కాల్పులకు 11 మంది బలయ్యారు.

బైరాన్‌పల్లి పేరు మీరు వినే ఉంటారు. ఆ ఊరి రక్షక దళం బురుజు మీద నుండి నాటు తుపాకులతో రజాకార్లను ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టింది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు పెద్ద ఎత్తున ముట్టడించి, దొరికిన మగవాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చారు. తుపాకి ఉండబట్టే ఆ ఊరు అన్నాళ్ళు నిలిచింది అని ఒకరంటారు. తుపాకి పట్టినందుకే అంత కసి తీర్చుకున్నారు అని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉందని మాకు అనిపిస్తుంది. ఇంతకు మించి తేల్చి చెప్పగల వయసు మాకు లేదు.

అసలైన వాదన 1948 సెప్టెంబర్ 17 తరువాత వచ్చింది. నిజాం పోయాడు, రజాకార్లు పోయారు, మరి తుపాకి ఏం చేయాలి? దించాలని రావి నారాయణరెడ్డి వంటివారు అన్నారు. ఆయన మన భువనగిరి తాలూకా బొల్లేపల్లి మనిషే. నిజాంతో పోరు వేరు, ఎన్నికలు రాబోతున్న దేశంతో పోరు వేరు, జనం మన వెంట రారు అని వారి మాట. దించరాదని పుచ్చలపల్లి సుందరయ్య, మాకినేని బసవపున్నయ్య వంటివారు అన్నారు. సైన్యం వెనుకే దేశ్‌ముఖ్‌లు ఊళ్ళకు తిరిగి వస్తున్నారు, పంచిన భూమిని మళ్ళీ లాక్కుంటున్నారు, తుపాకి దించితే ఆ భూమికి కాపలా ఎవరు అని వారి ప్రశ్న. సుందరయ్య లెక్క ప్రకారం పోరాటం 3000 గ్రామాలకు పాకింది, 10 లక్షల ఎకరాలు పంచారు, 4000 మంది ప్రాణాలిచ్చారు. చివరకు 1951 అక్టోబర్ 21న పోరాట విరమణ ప్రకటించారు. కొద్ది నెలలకే జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఆ సంగతి అందరికీ తెలుసు. అప్పుడు నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమని, రెండవ స్థానంలో ఎస్సీ అభ్యర్థి సుంకం అచ్చాలు గెలిచి పార్లమెంటుకు వెళ్ళారని మాత్రం మన బడి పుస్తకాల్లో మాకు కనబడలేదు. పోటీ పరీక్షలు రాసే తమ్ముళ్ళు ఈ పేరు గుర్తు పెట్టుకోండి.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. మన ఊళ్ళలో సైన్యం తుపాకుల కోసం గుడిసెలు సోదా చేస్తున్న ఆ రోజుల్లోనే, ఢిల్లీలో రాజ్యాంగ సభ ‘తుపాకి హక్కా కాదా’ అని చర్చిస్తోంది. 1878లో బ్రిటిష్ వారు తెచ్చిన ఆయుధాల చట్టం తెల్లవారికి మినహాయింపులిచ్చి భారతీయులను నిరాయుధులను చేసింది. ఆ కోపంతోనే 1931 కరాచీ కాంగ్రెస్ తన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును కూడా చేర్చింది. దాన్ని గుర్తు చేస్తూ హెచ్.వి. కామత్ 1948 డిసెంబర్ మొదట్లో ఒక సవరణ ప్రతిపాదించారు. దాన్ని వద్దన్నది ఎవరో కాదు, డాక్టర్ అంబేద్కర్. ఎవరికి వారు బజారుకు పోయి అడ్డూ అదుపూ లేకుండా ఆయుధాలు కొనుక్కునే హక్కు ఉంటే రాజ్యం పరిపాలన ఎట్లా సాగిస్తుందన్నది ఆయన వాదన సారాంశం.

ఇది చదివినప్పుడు మేము కొంచెం ఆశ్చర్యపోయాము. తరతరాలుగా ఆయుధం ముట్టనివ్వని జాతుల నుండి వచ్చిన మనిషి ‘మాకూ కావాలి’ అంటాడనుకుంటాం గదా! కానీ ఊరి సంగతి తెలిసినవాడు కనుక ఆయన లెక్క వేరుగా ఉండి ఉంటుందని మా అభిప్రాయం. కాగితం మీద హక్కు అందరికీ సమానమే. కొనే శక్తి మాత్రం కాదు. టీవీ గదిలో మన తమ్ముడు నవ్వులాటకు అన్న మాట కూడా అదే. చివరకు సవరణ వీగిపోయింది. 19వ అధికరణం మనకు ఇచ్చింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు.

కాబట్టి మన దేశంలో తుపాకి హక్కు కాదు, అనుమతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏండ్లు నిండినవారు జిల్లా మేజిస్ట్రేట్‌కు, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. పోలీసుల విచారణ రిపోర్టు వెళ్ళాలి. 2016 నిబంధనలు వచ్చాక శిక్షణ సర్టిఫికెట్ కూడా చూపాలి. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గింది. ఈ చట్టంలో 14వ సెక్షన్ రెండవ భాగం ఒకసారి చదవండి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదని అందులో స్పష్టంగా ఉంది. చట్టం అట్లా ఉన్నా మా ఊళ్ళో లైసెన్సు తుపాకి ఉన్న రెండు ఇండ్లూ పెద్ద ఇండ్లే. ఒక తుపాకి ధర పెడితే మన ఇండ్లలో ఏడాది గాసం వెళ్తుంది, ఎవరు కొంటారు?

ప్రభుత్వం చేతిలోనూ కాక, లైసెన్సులోనూ లేక, అడవిలో ఉన్న తుపాకి గురించి కూడా చెప్పాలి. నల్లమల పక్కన పుట్టిన పిల్లలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. 2004 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వానికి, నక్సలైట్లకు హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. ప్రభుత్వం తరఫున హోం మంత్రి కె. జానారెడ్డి, ఆయనా నల్లగొండ జిల్లా వారే. అవతల రామకృష్ణ, అమర్ తదితరులు. భూమి మీద, పౌరహక్కుల మీద ఎంతో కొంత మాట సాగింది గాని, ఊళ్ళలోకి ఆయుధాలతో రాకూడదని ప్రభుత్వం, ఆయుధం వదలడమన్న ప్రశ్నే లేదని వారు పట్టుబట్టారు. మొదటి విడత తరువాత మళ్ళీ కూర్చోనేలేదు.

ఆ చర్చల కోసం ఏండ్ల తరబడి తిరిగిన పౌరస్పందన వేదికకు పెద్ద ఎస్.ఆర్. శంకరన్ గారు. ఈ పేరు హాస్టల్ పిల్లలు మరచిపోతే పాపం. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా మన హాస్టళ్ళ కోసం, గురుకులాల కోసం పాటుపడిన ఐఏఎస్ అధికారి ఆయనే. 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి అడవుల్లో నక్సలైట్లు ఆయనను, తోటి అధికారులను నిర్బంధించారు. తుపాకి నీడలో కూర్చుని వచ్చిన మనిషి, ఆ తరువాత కూడా ఇరువైపులవారిని చంపుకోవద్దని అడుగుతూనే ఉన్నారు. 2010 అక్టోబర్ 7న కన్నుమూశారు. చర్చలు తెగిపోయాక 2005 ఆగస్టు 15న, జెండా పండుగ రోజునే, నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకు నిషేధం మళ్ళీ వచ్చింది. ఎన్‌కౌంటర్లలో పోయిన పిల్లలు ఎవరి పిల్లలో మనకు తెలుసు.

ఇంకొక తుపాకి ఉంది, ఎవరి పక్షమూ లేనిది. భువనగిరికి చెందిన నయీం నక్సలైటుగా మొదలై, తరువాత భూ కబ్జాలు, బెదిరింపులు, హత్యలు చేశాడన్న ఆరోపణలతో ఏండ్ల తరబడి రెండు జిల్లాలను వణికించాడు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఒకప్పుడు భూమి పంచుతామని పట్టిన తుపాకే చేతులు మారి ప్లాట్లు రాయించుకునేదాకా వచ్చింది. తుపాకి కావాలనే తమ్ముళ్ళు మావోయిస్టులనో పోలీసులనో మాత్రమే తలుచుకుంటారు, దీన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇప్పుడు మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి. కారంచేడు (1985), చుండూరు (1991) పేర్లు మీకు తెలుసు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని నిబంధనలు 1995లో వచ్చాయి. ఆ నిబంధనల్లో మూడవది చూడండి. అత్యాచారం జరిగే ప్రమాదమున్న ప్రాంతాన్ని గుర్తించి, అవసరమైతే అక్కడి ఇతర కులాల వారి, వారి దగ్గరి బంధువుల, పనివాళ్ళ తుపాకి లైసెన్సులు రద్దు చేసి ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అక్రమ తుపాకులు పట్టుకోవాలి. అవసరమైతే రక్షణ కోసం ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు కూడా ఇవ్వవచ్చు. కేసు నమోదు సంగతి అందరికీ తెలుసు, పరిహారం సంగతి కొందరికి తెలుసు. ఈ మూడవ నిబంధన మాత్రం మేము పీజీకి వచ్చేదాకా ఎవరి నోటా వినలేదు.

వినవలసిన అవసరం మాకు ఇంట్లోనే వచ్చింది. మూడేండ్ల కింద మా ఊళ్ళో బతుకమ్మ ఆడే స్థలం దగ్గర గొడవ అయ్యింది. మన వాడ ఆడబిడ్డలు చెరువు కట్ట మీద ఆ వైపు ఆడరాదన్నారు. మరునాడు సాయంత్రం ఒక పెద్దమనిషి తన లైసెన్సు తుపాకి ఒళ్ళో పెట్టుకొని వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అనలేదు. పేల్చలేదు, ఎత్తనైనా ఎత్తలేదు, గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడంతే. కట్ట మీదికి పోవడానికి ఆ వాకిలి ముందు నుండే దారి. ఆ సాయంత్రం మన వాడ నుండి ఒక్క బతుకమ్మా కదలలేదు. స్టేషనుకు పోతే “కాల్చిండా? లేదు గదా, లైసెన్సు ఉన్న మనిషి” అన్నారు. వాళ్ళు అన్నదీ నిజమే, నేరం ఏమని రాయాలి?

అప్పుడు మా వాడ పోరగాళ్ళు ఇద్దరు “మనమూ ఒక తపంచా తెద్దాం” అన్నారు. దొరుకుతుందట కూడా. మా నాయన వాళ్ళను రాత్రంతా కూర్చోబెట్టి మాట్లాడాడు. దొరికితే జైలు, పేలితే రెండు కొంపలు, ఇంట్లో మొదటిసారి ఒకడు కాలేజీ ముఖం చూసిండు, వాడి సర్టిఫికెట్ల గతేంది అన్నాడు. వాళ్ళు వినకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే మాకు ఇప్పటికీ భయమే. మేము మాత్రం తరువాతి వారం లైబ్రరీలో ఆ నిబంధన చదివి, నంబరు వేసి దరఖాస్తు రాశాము. మాకు తుపాకి ఇప్పించమని అడగలేదు. అడగాలా వద్దా అని వాడలో రెండు రోజులు చర్చ జరిగింది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు వద్దన్నారు, కొందరు పిల్లలు ఇప్పటికీ అడగవలసిందే అంటున్నారు. ఆ తుపాకి లైసెన్సును పరిశీలించి జమ చేయించమని మాత్రం కోరాము.

ఏడు నెలలు ఏ కబురూ లేదు. ఆ తరువాత ఎన్నికలొచ్చాయి, ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లలో జమ చేయించడం మామూలే కాబట్టి అదీ పోయింది, ఓట్లయ్యాక తిరిగి వచ్చింది. అంతలో బతుకమ్మ పండుగ మళ్ళీ దగ్గర పడింది. ఈసారి నంబరుతో పాటు జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీకి కూడా ప్రతి పెట్టాము. ఆ కమిటీకి కలెక్టర్ అధ్యక్షులు, మూడు నెలలకు ఒకసారైనా సమావేశం కావాలని అదే నిబంధనల్లో 17వది చెబుతోంది. సమావేశం జరిగింది, విచారణకు అధికారి వచ్చాడు, చెరువు కట్ట చూశాడు, ఆ వాకిలి చూశాడు. పండుగ తొమ్మిది రోజులూ కట్ట మీద ఇద్దరు కానిస్టేబుళ్ళు కూర్చున్నారు. మన ఆడబిడ్డలు ఆడారు. తుపాకి మాత్రం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది, లైసెన్సు పరిశీలనలో ఉన్నదని జవాబు.

ఆ దరఖాస్తు నకలు, తీసుకున్నట్లు వేసిన ముద్రతో సహా, మా ట్రంకు పెట్టెలో ఉంది. ఎవరి ఊళ్ళోనైనా అవసరం పడితే అడగండి, జిరాక్స్ తీసి ఇస్తాము.