నంది హాల్టు: నేరోగేజి మార్గమున నొక చిరు స్టేషను

కర్ణాటకమున చిక్కబళ్లాపురమునకు సమీపమున, నందికొండ యడుగున, నంది హాల్టు అను చిన్న రైల్వే స్టేషను కలదు. రాతిగోడలు, మంగళూరు పెంకుల కప్పు గల చిన్న కట్టడమది. కొండపై టిప్పు సుల్తాను వేసవి విడిది కలదు. 1927లోను, 1936లోను గాంధీ మహాత్ముడు విశ్రాంతికై యచట బస చేసెను. క్రింద నంది గ్రామమున ప్రాచీనమైన భోగనందీశ్వరాలయము కలదు. ఇట్టి ప్రసిద్ధ స్థలముల నడుమ నీ స్టేషను ఎవరి దృష్టికిని రాకుండుట సహజమే. కాని యీ సీమ ఆర్థిక చరిత్రమును చెప్పుటకు దీనిని మించిన సాక్షి లేదు.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలుగు నేటికిని ఇంటి భాషగా నున్నది. చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారేయణ యతీంద్రులు, జనులు తాతయ్యయని కొలుచువారు, తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించిరి. నందికి చేరువనే యున్న ముద్దేనహళ్లి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలము. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి వచ్చినవారు.

విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానుగా నున్న కాలము 1912–1918. ఆ కాలముననే యీ సీమకు రైలు వచ్చినది. 1913లో బౌరింగుపేట (నేటి బంగారుపేట) నుండి కోలారునకును, 1915లో యలహంకనుండి చిక్కబళ్లాపురమునకును మార్గములు పడినవి. తరువాత శ్రీనివాసపురము, చింతామణి, శిడ్లఘట్టల మీదుగా నీ రెండును కలిసినవి.

ఇది నేరోగేజి మార్గము. పట్టాల నడుమ దూరము రెండడుగుల ఆరంగుళములు, అనగా 762 మిల్లీమీటర్లు. సన్నని మార్గమునకు మట్టిపని తక్కువ. తేలిక పట్టాలు, చిన్న వంతెనలు చాలును. కొండల ప్రక్క మలుపులు సులువు. వ్యయము తగ్గినందుననే చిన్న ఊళ్లకు రైలు లభించినది. కాని యా పొదుపే పిదప భారమైనది. బౌరింగుపేటయొద్ద మద్రాసు మార్గము బ్రాడ్‌గేజి. యలహంకయొద్ద గుంతకల్లు మార్గము నాడు మీటరుగేజి. ఒక గేజి పెట్టె మరియొక గేజిపై నడువదు. అందుచేత శిడ్లఘట్ట పట్టైనను, చిక్కబళ్లాపురపు బంగాళాదుంపలైనను రైలున దూరదేశములకు పోవలెనన్న నొక పెట్టెనుండి దించి వేరొక పెట్టెకెక్కింపవలసినదే. ప్రతి మార్పిడికి కూలియు, కాలహరణమును తప్పవు. లారీ యన్ననో తోటయొద్ద నెక్కించుకొని బజారులోనే దించును. పోటీలో చిన్న రైలు వెనుకబడుటకు ముఖ్యకారణమిదియే.

యలహంక–చిక్కబళ్లాపురము మార్గము ముందుగా బ్రాడ్‌గేజిగా మారినది. చిక్కబళ్లాపురము–కోలారు భాగము 2013లో ఆ రూపమున తెరువబడినది. చింతామణి నేరుగా దేశపు ప్రధాన మార్గములతో కలిసినది. బాగేపల్లికి మాత్రము రైలు ఇంకను రాలేదు.

పట్టాలు మారినను నంది హాల్టు కట్టడము నిలిచినది. దీనిని, ఇదే మార్గమునందలి దొడ్డజాల, దేవనహళ్లి, ఆవతిహళ్లి స్టేషన్లను పునరుద్ధరించుటకు వారసత్వ సంరక్షణ సంస్థయైన ఇన్‌టాక్ బెంగళూరు శాఖ పూనుకొన్నది. ఇది శ్లాఘనీయము. అయినను రాయి, పెంకు నిలిచినంత మాత్రమున స్టేషను నిలువదు. బండి ఆగి, పల్లెవాడు మూటతో ఎక్కినపుడే యది స్టేషను, లేనిచో ప్రదర్శనశాల. ఈ సీమ తెలుగువారు కట్టడమును కాపాడుటతోపాటు, బండి ఆగునట్లును కోరవలసియున్నది.