వెదురు వంశము: రూపసాక్ష్యము, జన్యుసాక్ష్యము

వంశ శబ్దమునకు వెదురనియు, కులపరంపర యనియు రెండర్థములు కలవు. అయితే ఆ వెదురునకే వంశమును నిర్ణయించుట శాస్త్రజ్ఞులకు మిక్కిలి కష్టమైన పని యైనది. ఆ కష్టమెట్టిదో, మొక్క రూపమునుబట్టి చేయు వర్గీకరణమునకు జన్యుశాస్త్రమెంతవరకు తోడ్పడినదో ఉత్తర తెలంగాణమున దొరకు రెండు వెదుళ్ళను ముందుంచుకొని వివరింపదలచితిమి.

అమరకోశము వనౌషధివర్గమున వెదురునకు చెప్పిన పర్యాయపదములను చూడుడు. త్వక్సారము, అనగా చర్మమునందు బలము గలది. శతపర్వము, పెక్కు కణుపులు గలది. యవఫలము, యవలవంటి గింజ గలది. తృణధ్వజము, గడ్డిజాతులకు జెండా వంటిది. గాలికి మ్రోగు వెదుళ్ళకు కీచకములని వేరు పేరు. ఇవన్నియు రూపమును పరీక్షించి పెట్టిన పేర్లు. వెదురు ఎంత పొడవు పెరిగినను గడ్డియే యనియు, దాని ఫలము ధాన్యపుగింజ వంటిదనియు నేటి వృక్షశాస్త్రమును చెప్పుచున్నది. 1927 నాటి భారత అటవీ చట్టము మాత్రము వెదురును వృక్షములలో చేర్చినది. ఆ నిర్వచనమునుండి వెదురను మాటను తొలగించుటకు 2017 వరకు పట్టినది. అంతవరకు తన పొలముగట్టున పెంచిన వెదురును తరలించుటకును పెక్కు చోట్ల రైతు అనుమతిపత్రమునకై తిరుగవలసివచ్చెను. చట్టకర్తలు ఒక నిఘంటువును తిరుగవేసినను చాలియుండెడిది!

హుజూరాబాదు ప్రాంతమున బొంగు అనినను కంక అనినను వెదురే. మేదరులు దానితో గంపలు, చాటలు, తడకలు అల్లుదురు. గోదావరికి ఆవల, పూర్వపు ఆదిలాబాదు జిల్లా అడవులలో, కొలాములును ఈ అల్లికకు ప్రసిద్ధులు. ఈ సీమ అడవులలో విరివిగా పెరుగునది సాధనపు వెదురు. దీనికి ముండ్లు లేవు, గోడ దళసరి. వాగుల వెంట తేమనేలలో పెరుగు ముండ్ల వెదురు బోలుగా నుండును. కణుపులయొద్ద వంకర ముండ్లుండును. మొదటిదాని శాస్త్రనామము డెండ్రోకాలమస్ స్ట్రిక్టస్, రెండవదానిది బాంబుసా బాంబోస్. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో సాధనపు వెదురును 1798లో ముండ్ల వెదురు ప్రజాతిలోనే చేర్చి వర్ణించెను. అనగా ఆయన దృష్టిలో ఈ రెండును ఒకే ప్రజాతి. తరువాత నీస్ అను జర్మను పండితుడు దానిని డెండ్రోకాలమస్ ప్రజాతికి మార్చెను.

ప్రజాతులను విడదీయుటకు లిన్నేయస్ కాలమునుండి పుష్పమే ముఖ్యాధారము. వెదురు విషయమున ఆ యాధారమే దుర్లభము. ఈ జాతులు పలు దశాబ్దములకొకమారు గుంపుగా పూచి, గింజలు రాల్చి, చచ్చును. పువ్వుకొరకు వేచియుండు పరిశోధకుని ఉద్యోగకాలము ముగిసినను పొద పూయకపోవచ్చును. అందుచే 1896లో బ్రిటిష్ ఇండియా వెదుళ్ళపై గ్రంథము వెలయించిన గాంబుల్ మొదలగువారు లేతబొంగును కప్పియుండు పొరను శ్రద్ధగా వర్ణించిరి. ఆ పొర ఆకారము, దానిపై నూగు, కొనయందలి చిన్న ఆకు, చెవులవంటి అంచులు జాతిని గుర్తించుటకు మంచి ఆనవాళ్ళు. గడ గట్టితనమును మాత్రము నమ్మరాదు. సాధనపు వెదురే పొడిగుట్టలమీద ఇంచుమించు గట్టిగా నిండియుండును, తేమనేలలో బోలుగా నగును. ఒకే తల్లి బిడ్డలు రెండు నేలలలో పెరిగి రెండు జాతులవలె కానవత్తురు.

ఇచ్చట జన్యుసాక్ష్యము అవసరమగును. దాని తర్కము మన గ్రంథపరిష్కర్తలకు క్రొత్తది కాదు. రెండు తాళపత్రప్రతులలో సరియైన పాఠము ఒక్కటిగా నున్నంతమాత్రమున వాని సంబంధము తేలదు. అసాధారణమైన ఒకే తప్పు రెండింట కనబడినప్పుడే అవి ఒకే మాతృకనుండి వచ్చినవని ఊహింతుము. అట్లే కణుపులుండుట అన్ని వెదుళ్ళకును సామాన్యము. దానివలన చుట్టరికము తెలియదు. డి.ఎన్.ఏ.లో ఒకచోట కలిగిన మార్పు కొన్ని జాతులలో మాత్రమే సంక్రమించినచో, అవి ఒక శాఖయని చెప్పవచ్చును.

క్రోమోసోముల లెక్క మొదట ఆశ కల్పించినది. శీతలదేశపు దారువెదుళ్ళలో సామాన్యముగా 48, మన ఉష్ణమండలపు వానిలో 72. పండ్రెండింటి కూర్పులు మొదటివానిలో నాలుగు, రెండవవానిలో ఆరు. కాని మన రెండు వెదుళ్ళకును 72గానే సామాన్యముగా లెక్కించుటచే, ఆ సంఖ్య వానిని విడదీయజాలదు. అంతకంటె విచిత్రమైనది వేరొకటి కలదు. ఆకులోని హరితరేణువులకు సొంత డి.ఎన్.ఏ. ఉన్నది, అది సామాన్యముగా తల్లినుండియే వచ్చును. దానిననుసరించి వంశవృక్షమును గీసినచో ఉష్ణమండలపు దారువెదుళ్ళు, గడ్డివలె మెత్తనైన చిన్న వెదుళ్ళకు దగ్గరయై, శీతలదేశపు దారువెదుళ్ళకు దూరమగును. కేంద్రకములోని జన్యువులననుసరించి గీసినచో దారువెదుళ్ళు రెండును ఒక్కటిగా చేరును. ఏది సత్యము? రెండును సత్యములే. పూర్వకాలమున వేర్వేరు శాఖలు కలిసి సంకరమై, క్రోమోసోముల కూర్పులు పెరిగి, ఈ దారువెదుళ్ళు పుట్టినవని 2019లో ప్రకటితమైన జన్యుపటముల అధ్యయనము బలపరచినది. ఒక లేఖకుడు రెండు ప్రతులను దగ్గరనుంచుకొని వ్రాసిన గ్రంథమువలె నున్నది వీని చరిత్ర. బాంబుసా, డెండ్రోకాలమస్ ప్రజాతుల నడుమ పువ్వునుబట్టి గీసిన గీతను జన్యువులు పూర్తిగా మన్నింపకపోవుటకు కొంత కారణ మిదియే కావచ్చును. రాక్స్‌బరో రెండింటిని ఒకచోట ఉంచుట అంత తెలివితక్కువ పని కాదని మా అభిప్రాయము.

ఇది పండితుల వివాదము మాత్రమే కాదు. నారుమడిలో చిన్నమొక్కలు ఒక్కతీరుగా నుండును. గట్టి గడకొరకు నాటినవాడు ఏండ్లు గడచిన తరువాత ముండ్లు చూచి చింతించిన లాభము లేదు. ఒకే విత్తనపు తరమునకు చెందిన పొదలు, దూరదూరముగా నాటినను, ఇంచుమించు ఒకే కాలమున పూచి చచ్చును. తోటంతయు ఒక్కమారే పోవును. మొక్క జాతియేదో, మొక్కలనడుమ చుట్టరికమెంత దగ్గరదో జన్యుపరీక్ష ముందుగనే చూపగలదు. అయినను ప్రతి పొదకును అట్టి పరీక్ష చేయింపజాలము కనుక, పరీక్షించిన జాతికి పొర ఆనవాలును జతపరచి వ్రాసియుంచుట ఆవశ్యకము.

ఇందులో తెలుగు శాఖలవారి పాలును కలదు. మేదరుల నోట వెదురురకములకు, గడ వయస్సులకు గల పేర్లను సేకరించునప్పుడు పదమును మాత్రమే వ్రాసికొని వచ్చుట చాలదు. ఆ పేరుతో పిలిచిన గడమీది పొరను, ఆరబెట్టిన ఆకును, కోసిన చోటు, తేదీలతో కూడ భద్రపరచి వృక్షశాస్త్ర శాఖ కందజేయవలెను. ఒకే పేరు రెండు జాతులకు చెల్లుచున్నదో, ఒకే జాతి రెండు పేర్లతో బ్రతుకుచున్నదో అప్పుడు తేలును. ప్లాస్టిక్ చాటలు, గంపలు వచ్చిన తరువాత ఆ పదములను చెప్పగలవారు తగ్గుచున్నారు. పరిశోధక విద్యార్థులు హుజూరాబాదు మేదరుల ఇండ్లనుండియే ఈ పని మొదలిడవచ్చును.