జీపీఐబీ

జీపీఐబీ అనేది వోల్టుమీటరు, ఆసిలోస్కోపు, సిగ్నల్ జనరేటరు వంటి ప్రయోగశాల పరికరాలను ఒకే తీగల సముదాయంపై కలిపి, కంప్యూటరు ద్వారా నియంత్రించడానికి ఏర్పడిన అనుసంధాన ప్రమాణం. "జనరల్ పర్పస్ ఇంటర్‌ఫేస్ బస్" అనే పేరుకు ఇది సంక్షిప్త రూపం. ప్రమాణ పత్రాలలో దీనిని ఐఈఈఈ-488 అని వ్యవహరిస్తారు. నేటి కొత్త పరికరాలలో అధికభాగం యూఎస్‌బీ, ఈథర్నెట్ సదుపాయాలతో వస్తున్నాయి. అయినను పరికరాల దూరనియంత్రణ పరిభాషలో చాలా మాటలు ఈ బస్ నుండి వచ్చినవే. కావున దీనిని తెలుసుకొన్నవారికి మిగిలినవి సులభంగా బోధపడతాయి.

ప్రయాణ సాధనమైన బస్సుకూ, ఈ బస్‌కూ మూలం ఒక్కటే. లాటిన్ భాషలో "ఆమ్నిబస్" అనగా "అందరి కొరకు" అని అర్థం.

చరిత్ర

1960ల చివరి భాగంలో అమెరికాకు చెందిన హ్యూలెట్-పాకార్డ్ సంస్థ తన పరికరాల కొరకు దీనిని రూపొందించి, హెచ్‌పీ-ఐబీ అని పేరు పెట్టింది. 1975లో ఇది ఐఈఈఈ ప్రమాణమైంది. 1977లో వెలువడిన కమొడోర్ పెట్ అనే సొంత కంప్యూటరు కూడా డిస్క్ డ్రైవులను కలపడానికి ఈ బస్‌నే వాడుకొన్నది. 1987లో ప్రమాణాన్ని రెండుగా విభజించారు. తీగలు, విద్యుత్ సంకేతాలు 488.1 లోనికి, సందేశాల రూపం 488.2 లోనికి చేరాయి.

నిర్మాణం

కనెక్టరుకు 24 పిన్నులు ఉంటాయి. ఎనిమిది తీగలు దత్తాంశానికి, మూడు కరచాలనానికి, ఐదు నిర్వహణకు, మిగిలిన ఎనిమిది భూమి, కవచాలకు కేటాయించబడ్డాయి. ఒక కనెక్టరు వీపుపై మరొకదానిని తగిలించే వీలుంది. ఒక బస్‌పై కంప్యూటరుతో కలిపి 15 పరికరాలకు మించరాదు. మొత్తం తీగ పొడవు పరికరానికి 2 మీటర్ల చొప్పున లెక్కించిన పొడవునూ, 20 మీటర్లనూ దాటరాదు. కనీసం మూడింట రెండు వంతుల పరికరాలకు విద్యుత్తు ఉండాలి. పాత కనెక్టర్లను బిగించేటప్పుడు మరలను చూడటం మంచిది. నల్లనివి మెట్రిక్ కొలతవి, వెండి రంగువి అంగుళాల కొలతవి. ఒకదానిలో మరొకదానిని బలవంతంగా తిప్పితే గాడి చెడిపోతుంది.

కంట్రోలర్, టాకర్, లిజనర్

బస్‌పై ప్రతి పరికరానికి 0 నుండి 30 వరకు ఒక చిరునామా ఉంటుంది. ఎవరు మాట్లాడాలో, ఎవరు వినాలో నిర్ణయించేది కంట్రోలర్. ఇది సాధారణంగా కంప్యూటరే. ఒక సమయంలో టాకర్ ఒక్కటే ఉండాలి. లిజనర్లు ఎన్నైనా ఉండవచ్చు. ఒక మీటరు చెప్పే కొలతను కంప్యూటరు, ప్రింటరు ఒకేసారి వినగలగడం ఈ ఏర్పాటు వలననే సాధ్యమైంది.

కరచాలనం

దత్తాంశంలోని ఒక్కొక్క బైటు మూడు తీగల కరచాలనంతో (హ్యాండ్‌షేక్) బదిలీ అవుతుంది. దీనిని తరగతిలోని ఉక్తలేఖనంతో పోల్చవచ్చు. వినేవారందరూ సిద్ధమయ్యే వరకు టాకర్ ఆగుతుంది. తరువాత "దత్తాంశం సరైనది" అని డీఏవీ తీగపై తెలుపుతుంది. లిజనర్లు ఆ బైటును తీసుకొని ఎన్‌డీఏసీ తీగను విడుస్తాయి. అయితే ఆ తీగ అందరికీ ఉమ్మడిది. చిట్టచివరి లిజనర్ విడిచేవరకు దాని స్థితి మారదు. అంటే అందరికంటె నిదానంగా వ్రాసే విద్యార్థి కలం ఎత్తిన తరువాతనే రెండవ మాట. అందువలన బైటు జారిపోదు. కాని ఒక్క మందగతి పరికరం వింటున్నా బస్ అంతా దాని వేగానికే దిగిపోతుంది. బస్ గరిష్ఠ వేగం సెకనుకు సుమారు ఒక మెగాబైటు.

ఏ పరికరమైనా తనకు చెప్పవలసినది ఉన్నదని ఎస్‌ఆర్‌క్యూ అనే తీగ ద్వారా తెలియజేస్తుంది. ఇదియును ఉమ్మడి తీగయే కనుక పిలిచినది ఎవరో కంట్రోలర్‌కు తెలియదు. అది ఒక్కొక్క పరికరాన్ని వరుసగా అడిగి స్థితి బైటును చదువుతుంది. దీనికి సీరియల్ పోల్ అని పేరు.

రిమోట్, లోకల్

విద్యార్థులు తరచుగా తికమకపడేది ఇక్కడే. పరికరం "రిమోట్" స్థితిలోనికి వెళ్లినపుడు ముందుభాగంలోని మీటలు పనిచేయవు. పరికరం చెడిపోయిందని కొందరు పొరబడతారు. "లోకల్" మీటను నొక్కితే అవి మళ్లీ పనిచేస్తాయి. కంట్రోలర్ "లోకల్ లాకౌట్" ఆజ్ఞ ఇచ్చి ఉంటే ఆ మీట కూడా పలుకదు. ఇది అనవసర కాఠిన్యం కాదు. గంటల తరబడి సాగే పరీక్షలో ఎవరైనా మీటరు పరిధిని మార్చితే, ఆ తరువాతి అంకెలు తప్పైనా పట్టికలో చూడటానికి సక్రమంగానే కనిపిస్తాయి.

స్కిపీ ఆజ్ఞలు

తీగలు ఒకటైనా భాషలు వేరుగా ఉండటంతో, 1990లో "స్కిపీ" అనే ఉమ్మడి ఆజ్ఞల భాష వెలువడింది. నక్షత్రపు గుర్తు, ఐడీఎన్ అనే అక్షరాలు, ప్రశ్నార్థకం పంపితే పరికరం తన తయారీదారును, నమూనాను, వరుస సంఖ్యను, ఫర్మ్‌వేర్ సంచికను తెలుపుతుంది. ఈ ఆజ్ఞ, నక్షత్రంతో మొదలయ్యే మిగిలిన ఆజ్ఞలు 488.2 నుండి స్కిపీకి సంక్రమించినవి.

ప్రశ్నార్థకం ఉన్న ఆజ్ఞకే జవాబు వస్తుంది. జవాబు చదవకుండా మరొక ఆజ్ఞ పంపితే మొదటి జవాబు రద్దై, -410 సంఖ్య గల దోషం నమోదవుతుంది. అడగకుండానే చదవబోతే -420. కొత్తగా ప్రోగ్రాములు వ్రాసేవారికి ఎదురయ్యే "పరికరం బదులివ్వడం లేదు" అనే ఇబ్బందికి తరచుగా ఇదే కారణం.

నెట్‌వర్క్‌పై

ఈథర్నెట్ ద్వారా పరికరాలను నడిపే వీఎక్స్ఐ-11 పద్ధతి 1995లోను, ఎల్ఎక్స్ఐ ప్రమాణం 2005లోను వచ్చాయి. ఇక్కడ బస్ చిరునామా స్థానంలో ఐపీ చిరునామా ఉంటుంది. చాలా పరికరాలు 5025వ పోర్టుపై స్కిపీ ఆజ్ఞలను నేరుగా స్వీకరిస్తాయి. ఈ మార్గం సులభమైనదే గాని, ఎస్‌ఆర్‌క్యూ, లోకల్ లాకౌట్‌ల వంటి తీగల ద్వారా జరిగే పనులు ఇందులో యథాతథంగా లభించవు. సాధారణంగా సంకేతపదం అడిగే ఏర్పాటు కూడా ఉండదు. జీపీఐబీలో పరికరాన్ని నడపడానికి 20 మీటర్ల లోపల తీగ ఉండాలి. ఇక్కడ నెట్‌వర్క్‌లో ఉన్న ఏ కంప్యూటరైనా విద్యుత్ సరఫరా పరికరపు వోల్టేజిని మార్చగలదు. అందుచేత ప్రయోగశాల పరికరాలను ఇంటర్నెట్‌తో సంబంధం లేని ప్రత్యేక నెట్‌వర్క్‌లో ఉంచుతారు.