గోదారికి వెళ్దామా, అమ్మా?

"ఈసారి నన్ను లెక్కలోంచి తీసెయ్యవే. మీరు వెళ్లి రండి" అంది అమ్మ ఫోనులో.

రాజమండ్రి పేరెత్తితే చాలు, మందుల సంచీ కూడా మర్చిపోయి బయల్దేరే మనిషి. అలాంటిది రానంటోంది. తప్పు అమ్మది కాదు, రెండేళ్ల కిందట నేను చేసిన నిర్వాకానిది.

అమ్మ పుట్టి పెరిగింది రాజమండ్రిలో. 1974లో గోదారి మీద రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చేటప్పటికి తను హైస్కూల్లో ఉంది. అంతకుముందు కొవ్వూరులో మేనత్తగారింటికి లాంచీలో వెళ్లేవాళ్లమని ఇప్పటికీ మురిసిపోతూ చెబుతుంది. ఆ రేవు చూపిద్దామని, పిల్లలకి సెలవులు కదా అని, మే నెలాఖర్లో అందర్నీ బయల్దేరదీశాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత నాకు తెలియనిదా? తెలుసు. అయినా రిజర్వేషన్ దొరికిందన్న సంబరంలో అదేమీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నం పన్నెండు గంటలకి పుష్కరాల రేవు మెట్ల మీద అమ్మ కళ్లు తిరిగి కూలబడిపోయింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. సెలైన్ ఎక్కిస్తూ డాక్టరుగారు అడిగారు, "పొద్దుటినుంచీ మంచినీళ్లెన్ని తాగారమ్మా?" అని.

అమ్మ నా వంక చూసి, తల దించుకుంది. "కాఫీ ఒక్కటే తాగానండీ. నీళ్లు తాగితే మళ్లీ బాత్రూము వెతుక్కోవాలి కదా!"

అప్పుడు చూసుకున్నాను. నా సంచీలో ఉన్న నీళ్ల సీసా కూడా మూత తియ్యకుండా నిండుగానే ఉంది.

ఇది మా ఇద్దరి సంగతేనంటారా? పెళ్లికి వెళ్లినా, తీర్థానికి వెళ్లినా, బస్సెక్కే ముందు గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా పెదాలు తడుపుకుని కూర్చునే ఆడవాళ్లు ఎంతమంది లేరు మనలో! అలా బిగబట్టుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయి. పైన ఎండ కూడా తోడైతే వడదెబ్బే. అందుకే ఈసారి ప్రయాణం వేసేటప్పుడు ఏం చూడాలన్నది పక్కనపెట్టి, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవే ముందు రాసుకున్నాను. మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

ఏ నెలలో?

ఏప్రిల్, మే నెలలు రాజమండ్రికి వద్దే వద్దు. నలభై డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. జూలై నుంచి వరదల కాలం. ఎర్రనీళ్లతో గోదారి నిండుగా కనిపిస్తుంది, చేపలు తినేవాళ్లకి పులస దొరికేదీ అప్పుడే. కానీ రేవుల్లో దిగడానికి ఉండదు. కార్తీకమాసం అందంగానే ఉంటుంది గానీ సోమవారాలు, పౌర్ణమి రోజున రేవుల్లో ఇసకేస్తే రాలదు. సంక్రాంతికి రైళ్లలో కాలు పెట్టలేం. అందుకని జనవరి చివరి వారం, అదీ శని, ఆదివారాలు కాకుండా ఎంచుకున్నాను. పిల్లలకి బడి ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. వాళ్ల నాన్నగారున్నారు, కుక్కరూ ఉంది. మూడు రోజులకి ఏమీ కాదు.

ఇంకోమాట. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి. 2015 తరువాత 2027లో. 2015 జూలై 14న, మొదటిరోజే రాజమండ్రి రేవులో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. పుష్కర స్నానం మీద ఎంత భక్తి ఉన్నా, పెద్దవాళ్లని మొదటిరోజు, ఆఖరిరోజు తీసుకెళ్లకండి.

రైలు, గది

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందునుంచే ఇస్తున్నారు. 2024 నవంబరుకి ముందు 120 రోజులుండేది. 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్తు కోటా ఉంది. అయితే ఆ టికెట్టు మీద ఒక్కరు గానీ, అదే అర్హత ఉన్న ఇద్దరు గానీ ఉండాలి. నాకింకా ఆ వయసు రాలేదు కాబట్టి అమ్మకి విడిగా తీశాను.

గది తీసుకునేటప్పుడు అద్దె ఒక్కటే అడక్కండి. కింది అంతస్తా, లిఫ్టుందా, కమోడుందా, రేవుకి ఎంత దూరం, ఈ నాలుగూ అడగండి. గది రేవుకి దగ్గరైతే అవసరమైనప్పుడు పావుగంటలో వెనక్కి వచ్చెయ్యొచ్చు. వంద రూపాయలు ఎక్కువైనా అదే చవక.

పొద్దున రేవు, మధ్యాహ్నం నీడ

ఊరు గోదారికి తూర్పు గట్టున ఉంది. పొద్దున సూర్యుడు ఊరి వెనకనుంచి వస్తాడు, రేవులో కూర్చుంటే ఎండ వీపు మీద వెచ్చగా పడుతుంది. మధ్యాహ్నం దాటాక నీళ్ల మీదుగా తిన్నగా మొహాన కొడుతుంది. మేం పోయినసారి వెళ్లింది సరిగ్గా ఎండ తిరగబోయే వేళకే! కాబట్టి పొద్దున తొమ్మిదిలోపు స్నానం, దర్శనం ముగించేసుకోవాలి. మళ్లీ సాయంత్రం అయిదు తరువాత వస్తే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతూ కనిపిస్తాడు. ఎదురుగా 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచిన పాత హావ్‌లాక్ వంతెన, దాని తరువాత కట్టిన కమానుల వంతెన.

మధ్యాహ్నాలు నీడపట్టున చూసేవి చాలా ఉన్నాయి. దామెర్ల రామారావుగారి చిత్రశాల ఒకటి. ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా 1925లో పోయిన చిత్రకారుడాయన. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసినవాళ్లే. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. 1852కల్లా ఆనకట్ట పూర్తయి డెల్టాకి నీళ్లెలా పారాయో అక్కడ పిల్లలకి చెప్పొచ్చు.

కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు మాత్రం మనలాంటివాళ్లం తప్పకుండా చూడాలి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వాళ్లని వెలేసింది. వంటవాళ్లూ, నీళ్లు మోసేవాళ్లూ రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తనే గోదారినుంచి నీళ్లు మోసి వంట చేశారు. ఆ ఊళ్లో నీళ్లకి భయపడి దాహంతో తిరిగాం మేం!

కడియం నర్సరీలకి చలికాలంలో వెళ్తే చామంతులు, బంతులు విరగబూసి ఉంటాయి. ఎండ ముదరకుండా పొద్దున్నే వెళ్లాలి. తిరిగొచ్చేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కోవడం మరవకండి. ఊళ్లో రోజ్ మిల్క్ తాగండి గానీ, అది మంచినీళ్లకి బదులనుకోకండి.

పాపికొండల బోటు రోజంతా ప్రయాణం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, నది వరద మీద ఉండగా బోటు మునిగి ఎన్నో కుటుంబాలు కన్నవాళ్లని, పిల్లల్ని పోగొట్టుకున్నాయి. వరద రోజుల్లో ఎవరు రమ్మన్నా ఎక్కకండి. ఎక్కాక లైఫ్ జాకెట్ వేసుకోండి, ఫొటో కోసం విప్పకండి. బోటులో బాత్రూము ఉందో లేదో టికెట్టు కొనకముందే అడగండి. అడగడానికి సిగ్గెందుకు? అమ్మ మోకాళ్లని తలచుకుని ఈసారికి మేం బోటు మానుకున్నాం.

సంచీలో ఏం ఉండాలి?

గొడుగు, నూలు చీరలు, కాళ్లకి పట్టు జారని చెప్పులు. ఓఆర్ఎస్ పొట్లాలు. అవి దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ టీ చెంచాతో తలగొట్టి కొలిచి కలుపుకోవచ్చు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందుగా డాక్టరుగారిని అడిగి వాడాలి. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేస్తాయి, ఆ సంగతి కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, మా ఇంటి కొత్త చట్టం: టిఫిను తిన్న చోట బాత్రూముకి వెళ్లి వచ్చాకే కదలాలి, కదిలే ముందు గ్లాసుడు నీళ్లు తాగాలి. అందరూ, మగవాళ్లతో సహా.

ఇదంతా నోటుపుస్తకంలో రాసుకుని మళ్లీ అమ్మకి ఫోను చేశాను. నిజామాబాదులో అన్నయ్య దగ్గర ఉంటుంది. ఓపిగ్గా అంతా విని, కాసేపు మాట్లాడలేదు.

"ఆ గదికీ రేవుకీ ఎంత దూరం అన్నావు?"

"నడిస్తే అయిదు నిమిషాలమ్మా."

"బాత్రూము శుభ్రంగా ఉంటుందటా?"

"అడిగాను. ఉంటుందన్నారు."

"సరే అయితే. నా రాగి కాసులు ఎక్కడున్నాయో వెతికి పెడతాను. వంతెన మీదికి రాగానే నన్ను లేపాలి సుమా, నిద్రపోతోంది కదా అని వదిలెయ్యకు" అంది.

మీరూ ఎక్కడికైనా బయల్దేరుతుంటే తాళం వేసే ముందు మీ అమ్మగార్ని, అత్తగార్ని ఒక్కమాట అడగండి, "నీళ్లు తాగారా?" అని. అడిగాక మీరూ తాగండి.