నౌకలపై విధుల నిర్వహణ: వేర్వేరు సాఫ్ట్‌వేర్ల అనుసంధానం ఆవశ్యకత

సముద్రయానంలో ఉన్న సరకు నౌక ఏకకాలంలో కర్మాగారం, గిడ్డంగి, కార్యాలయం, నివాసం కూడా. వీటన్నింటినీ సాధారణంగా ఇరవై, ఇరవై అయిదు మంది సిబ్బందే నిర్వహిస్తారు. యంత్రాల మరమ్మతులు, విడిభాగాల నిల్వలు, సిబ్బంది పని, విశ్రాంతి వేళలు, ధ్రువపత్రాల గడువులు, ఇంధన వినియోగం, ఓడరేవులకు సమర్పించవలసిన పత్రాలు మొదలైన ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ కాలక్రమంలో నౌకలపైకి చేరింది. వీటి మధ్య సమాచారం పరస్పరం అందేలా చేయడమే అనుసంధానం. నౌక భద్రతతోను, నావికుల ప్రాణాలతోను దీనికి ప్రత్యక్ష సంబంధం కలదు.

నేపథ్యం

నిబంధనలు ఒకేసారి రాలేదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ రూపొందించిన భద్రతా నిర్వహణ నియమావళి (ఐ.ఎస్.ఎం. కోడ్) 1998 జూలై 1 నుండి ప్రయాణికుల నౌకలకు, చమురు నౌకలకు, బల్క్ నౌకలకు, 2002 జూలై 1 నుండి ఇతర సరకు నౌకలకు వర్తించింది. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం 2013 ఆగస్టు 20న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కనీస విశ్రాంతి 24 గంటలలో 10 గంటలు, ఏడు రోజులలో 77 గంటలు. 5,000 స్థూల టన్నులు, ఆపైన గల నౌకల ఇంధన వినియోగ వివరాల సేకరణ 2019 జనవరి 1న ప్రారంభమైంది. కొత్త నిబంధన వచ్చిన ప్రతిసారీ కొత్త ఫారమూ, దానికొక కొత్త సాఫ్ట్‌వేరూ తోడయ్యాయి. ఫలితంగా ఒకే వివరాన్ని అధికారులు పలుచోట్ల నమోదు చేయవలసి వస్తున్నది.

అనుసంధానం వలన ఒనగూడే మేలు

జనరేటర్ మరమ్మతును ఉదాహరణగా తీసుకొనవచ్చు. గడువు సమీపించినదని ఒక సాఫ్ట్‌వేర్ తెలుపుతుంది. విడిభాగం నిల్వ ఉన్నదీ లేనిదీ మరొక సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఆ పని చేయవలసిన ఇంజనీరు గత రాత్రి నిద్రించినదీ లేనిదీ మూడవ దానిలో ఉంటుంది. ఈ మూడింటినీ కలిపేది చీఫ్ ఇంజనీరు జ్ఞాపకశక్తి ఒక్కటే. అనుసంధానం జరిగినచోట పని కేటాయించినంతనే విడిభాగం ప్రత్యేకింపబడుతుంది. కేటాయింపు వలన ఆ ఇంజనీరు విశ్రాంతి కనీస పరిమితి కంటే తగ్గితే హెచ్చరిక వెలువడుతుంది. పని ముగియగానే నిల్వ తగ్గి, కొనుగోలు అభ్యర్థన తీర కార్యాలయానికి చేరుతుంది.

2010 ఏప్రిల్ 3న ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ప్రాంతంలో బొగ్గు రవాణా నౌక షెన్ నెంగ్ 1 నేలతట్టిన సంఘటన ఇక్కడ గమనార్హం. చీఫ్ మేట్ నిర్ణీత స్థానంలో నౌక దిశను మార్చలేదనీ, ఆయన అలసటకు లోనై ఉన్నారనీ ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ దర్యాప్తు తేల్చింది. సరకు ఎక్కించే పనిని పర్యవేక్షించిన అధికారి ఆ వెంటనే కాపలా విధికి తగిన స్థితిలో ఉన్నారా అని నిర్ధారించే సమర్థమైన ఏర్పాటు నౌకలో లేదు. ఎలక్ట్రానిక్ మార్గ ప్రణాళికల వినియోగంపై మార్గదర్శకాలు కూడా తగినంతగా లేవని ఆ నివేదిక పేర్కొన్నది.

పాటించవలసిన అంశాలు

మొదట ప్రతి యంత్రానికీ, ప్రతి ఉద్యోగికీ అన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకే గుర్తింపు సంఖ్య ఉండాలి. ప్రతి వివరానికీ మూలం ఒక్కటే కావాలి; మిగిలినవి దానినుండి గ్రహించాలి. యంత్రాల సమాచారానికి ఉమ్మడి రూపం కల్పించే ఐ.ఎస్.ఓ. 19848 ప్రమాణం 2018లో వెలువడింది. నడిసముద్రంలో ఉపగ్రహ సంబంధం తెగిపోవచ్చు కనుక సమాచారం నౌకపైనే భద్రమై, సంబంధం లభించినప్పుడు తీరానికి చేరాలి. ఒకే వివరాన్ని నౌకలోను, తీరంలోను మార్చినట్లయితే ఏది చెల్లునో ముందే నిర్ణయించాలి. ప్రయాణంలో నౌక గడియారం మారుతుంది కావున స్థానిక సమయంతో పాటు సార్వత్రిక సమయాన్ని కూడా నమోదు చేయాలి.

అనుసంధానం సైబర్ ముప్పుకు కూడా దారితీయగలదు. అందువలననే సైబర్ ముప్పుల నివారణను భద్రతా నిర్వహణలో చేర్చవలెనని 2017 జూన్‌లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ తీర్మానించింది. 2021 జనవరి 1 తరువాత జరిగే తొలి వార్షిక తనిఖీ నాటికి దీనిని నెరవేర్చవలెనని గడువు విధించింది. యంత్ర నియంత్రణ వ్యవస్థల నుండి సమాచారం వెలుపలికి రావచ్చునే గాని, కార్యాలయ కంప్యూటర్ల నుండి ఆదేశాలు లోనికి పోరాదు.

ఓడరేవుల పాత్ర

నౌకల రాకపోకల పత్రాలను ఏకగవాక్ష విధానంలో ఎలక్ట్రానిక్ రూపంలో స్వీకరించడం 2024 జనవరి 1 నుండి అంతర్జాతీయంగా తప్పనిసరి అయినది. మన దేశంలో జాతీయ లాజిస్టిక్స్ పోర్టల్ (మెరైన్) 2023 జనవరిలో ప్రారంభమైంది. విశాఖపట్నం, కాకినాడ వంటి రేవులకు వచ్చే నౌకలో సిబ్బంది జాబితా ఒకచోట సరిగా ఉంటే, రేవు అధికారులకు పంపే పత్రాన్ని మరల తయారుచేయనవసరం ఉండదు. అట్లు మిగిలిన సమయం నావికునికి విశ్రాంతిగా దక్కుతుంది.

అయితే విశ్రాంతి తీసుకొనకుండానే తీసుకొన్నట్లు వ్రాయవలసిన ఒత్తిడి ఉన్నచోట ఏ సాఫ్ట్‌వేరూ రక్షణ కల్పించలేదు. మరమ్మతు వేళలను, విశ్రాంతి వేళలను పక్కపక్కన పరిశీలించినప్పుడు వాస్తవం బయటపడుతుంది. తనిఖీ అధికారులు, ప్రమాదాలపై వార్తలు వ్రాసే పాత్రికేయులు ముందుగా అడుగవలసినది ఈ రెండు నమోదులనే.